మోచేతి కడ్డీ

ఆ పొద్దున ఆకాశం తడిబట్ట పిండి ఆరేసినట్టుంది. రాత్రంతా కురిసి కురిసి తెల్లవారేసరికి వాన అలిసిపోయింది. పడమటి పక్క మబ్బు ఇంకా బరువుగా వేలాడుతూనే ఉంది. తూర్పున మాత్రం ఒకచోట చిరుగు పడి, అందులోంచి ఎండ ఏటవాలుగా రన్‌వే మీదికి దిగుతోంది. తడిసిన సిమెంటు మీద పడి కళ్ళు చెదిరేలా మెరుస్తోంది.

షెడ్డు తలుపు దగ్గర నిలబడి మేస్త్రి అదంతా చూశాడు. చూశాడంటే మనం చూసినట్టు కాదు. ఏడాదిగా ఆయన చూపుకు నట్టనడుమ ఎవరో బొటనవేలితో మసి అద్దినట్టు ఒక మచ్చ పడింది. పక్కలు బాగానే కనబడతాయి. దారి కనబడుతుంది, గోడలు కనబడతాయి, మనిషి నడిచిరావడం కనబడుతుంది. దేన్ని చూడాలని సూటిగా చూస్తాడో అదే మాయమైపోతుంది. ఎదుటి మనిషికి చెవులుంటాయి, భుజాలుంటాయి, ముఖం ఉండదు.

పక్క ఊళ్ళో కంటి డాక్టరు దీపం వేసి చూసి, "ఇది తగ్గేది కాదు పెద్దాయనా, ఇంకా పెరుగుతుంది" అన్నాడు. ఆ చీటీని మేస్త్రి నాలుగు మడతలు పెట్టి స్పానర్ల పెట్టె అడుగున దాచాడు. ఎవరితోనూ అనలేదు.

అది విమానం నడపడం నేర్పే బడి. నాలుగు చిన్న విమానాలు, రేకుల షెడ్డు, మూడంతస్తుల టవరు, ఒక టీ గది. మేస్త్రి అక్కడ చేరి ముప్పై ఒక్క ఏళ్ళు. ఇంజను మోత విని దాని జబ్బు చెప్పగలడని పేరు. ఈ ఏడాదిగా పనంతా వేళ్ళతోనే. ఏ మరకి ఎన్ని చుట్లో, ఏ గొట్టం ఎక్కడ వంపు తిరుగుతుందో వేళ్ళకు తెలుసు. చూస్తున్నవాళ్ళకు ఆయన విమానాన్ని నిమురుతున్నట్టుండేది. "ఇంట్లో ఆవిడనైనా ఇంత ముద్దు చేస్తావా?" అని వెక్కిరించేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఏటేటా కళ్ళ పరీక్ష ఉంటుంది. బడి డాక్టరు గదిలో గోడకున్న అక్షరాల అట్ట పదకొండేళ్ళుగా మారలేదు. తన ముందు వరసలో నిలబడ్డవాళ్ళు చదువుతుంటే విని, చిట్టచివరి చీమతలకాయ అక్షరాల దాకా మేస్త్రి కంఠతా పట్టేశాడు. పోయినేడు డాక్టరు భుజం తట్టి, "ఈ వయసులో కూడా డేగ చూపయ్యా నీది" అన్నాడు. ఆ మాట షెడ్డంతా పాకింది. అందరికంటే ఎక్కువగా సంబరపడింది బావమరిది.

బావమరిది ఆ బడిలో పెద్ద శిక్షకుడు. మేస్త్రి భార్యకు సొంత తమ్ముడు. పదిహేనేళ్ళప్పుడు బావ చెయ్యి పట్టుకుని వచ్చి ఈ షెడ్డులోనే మొదటిసారి విమానం ఎక్కినవాడు. ఇప్పుడు నలభై రెండు. నేర్చుకునేవాళ్ళను తిట్టే తిట్లలో కూడా నవ్వు పుట్టించేవాడు.

ఆ రోజు అతని పక్కన కూర్చునేది పిచ్చుక. ఆ అమ్మాయి పేరు పిచ్చుక కాదు. సీటు మీద రెండు దిళ్ళు వేసుకుంటే తప్ప ముందు అద్దంలోంచి బయటికి కనబడదని అందరూ అలా పిలిచేవాళ్ళు. ఆ అమ్మాయి కూడా పలికేది.

"ఏం బావా, రాత్రి వానకి నీ బండికి జలుబేమైనా చేసిందా?"

"జలుబు నీకు చేస్తుంది. బండి బానే ఉంది."

"విన్నావా పిచ్చుకా? మా అక్క ఈ మనిషితో ముప్పై ఏళ్ళు కాపురం చేసింది. నవ్వితే పళ్ళు అరిగిపోతాయనుకుంటాడు."

మేస్త్రి అప్పటికి రెక్క కింద బోర్లా పాకి ఎడం కాలు తడుముతున్నాడు. ఆ విమానం పైకి లేచాక చక్రాల కాళ్ళు లోపలికి ముడుచుకుంటాయి, దిగే ముందు మళ్ళీ చాచాలి. బావమరిది ఎప్పటిలాగే పాఠం ఎత్తుకున్నాడు. కుడిచెయ్యి ముందుకు చాపి మోచెయ్యి దగ్గర వంచాడు.

"విమానం కాలుక్కూడా మోచెయ్యుంటుంది. ఈ కడ్డీ. కాలు దిగుతున్నంతసేపూ ఇలా వంగుంటుంది. పూర్తిగా దిగాక సాగి, కొక్కెం పడి, టక్కున బిగుస్తుంది." చెయ్యి చాపి బిగించాడు. "మూడు కాళ్ళకీ మూడు పచ్చ బల్బులు. సాగిన చెయ్యి బరువు మోస్తుంది. వంగిన చెయ్యి?"

"మడత పడుతుంది సార్."

"పడితే?"

"మన మూతి నేలకి రాసుకుంటుంది సార్."

"మన కాదు, నీ. నేను నీ దిళ్ళు రెండూ అడ్డం పెట్టుకుంటా."

మేస్త్రి వేళ్ళు కొక్కెం చుట్టూ తిరిగొచ్చాయి. స్ప్రింగు గట్టిగా ఉంది. కడ్డీ నున్నగా ఉంది. లేచి, చేతులు గుడ్డకు తుడుచుకుని, పుస్తకంలో తాను ఎప్పుడూ పెట్టే చోట సంతకం పెట్టాడు. రెండో మెకానిక్ ఆ వారమంతా సెలవు. షెడ్డులో ఆయనొక్కడే.

*

విమానం పైకి లేచి నలభై నిమిషాలయింది. మేస్త్రి టీ గదిలో గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బల్ల మీదున్న వాకీటాకీ గరగరలాడింది.

"టవర్, ఎడం కాలు బల్బు వెలగట్లేదు." బావమరిది గొంతు. "కాళ్ళ మీట పైకి తీసి మళ్ళీ వేశాను. అంతే. కుడిది పీకి ఎడం వైపు పెట్టి చూశాను. బల్బు మంచిదే. కాలు దగ్గర్నించే కబురు రావట్లేదు."

టవర్లో ఉండేవాడు తడబడకుండా అడిగాడు. "చేత్తో లాగే పిడి లాగావా?"

"లాగాను. కాలు దిగినట్టు దడ్ మంది. బిగిసిందో లేదో తెలీట్లేదు. మీ మీదుగా కిందికొచ్చి పోతాను, చూసి చెప్పండి."

మేస్త్రి వాకీటాకీ అందుకుని లేచేశాడు. టీ గ్లాసు మోచెయ్యి తగిలి పడింది. బయటికి నడుస్తుంటే టవరు పై నుంచి కేక వినబడింది.

"మేస్త్రీ! దుర్భిణి నా దగ్గరుంది గానీ తెలివి నీ దగ్గరుంది. కాలు వేలాడ్డం నాకూ కనబడుతుంది. ఆ కడ్డీ సంగతి నాకేం తెలుసు? నువ్వే చూడాలి."

రన్‌వే అంచున గడ్డిలో నిలబడ్డాడు. పాదాలు తడిలో దిగబడ్డాయి. ఏం చూడాలో ఆయనకు తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. కడ్డీ జానెడు పొడవు. సాగిందో వంగిందో కింద నుంచి చూస్తే రెండు క్షణాల పని. సాగితే మామూలుగా దిగొచ్చు. వంగుంటే మూడు కాళ్ళూ లోపలికి లాగేసి, పక్కనున్న గడ్డి మైదానం మీద పొట్టతో జారాలి. విమానం పాడవుతుంది, మనుషులకేం కాదు. అంతకుముందు రెండుసార్లు అలా దిగినవాళ్ళు బట్టలు దులుపుకుని వచ్చి టీ తాగారు.

"బావా, ఉన్నావా?"

"ఉన్నా."

"వస్తున్నా. ఎడం కాలు. మోచెయ్యి చూడు."

మోత ముందు వచ్చింది. తర్వాత ఎండ చిరుగులోంచి విమానం. మేస్త్రి కళ్ళు విప్పార్చి సూటిగా చూశాడు. రెక్కల కొసలు కనబడ్డాయి. తోక కనబడింది. నడుమ మచ్చ. మెడ ఒక పక్కకు తిప్పి కంటి కొసతో పట్టబోయాడు. బూడిదరంగు మరక ఒకటి, దాని కింద మూడు పోచలు. అంతే. తల మీదుగా వెళ్ళిపోయింది. గాలికి చొక్కా ఎగిరి ముఖాన కొట్టింది.

"సాగిందా బావా?"

కనబడలేదని అనాలి. ఒక్క మాట. అంటే మళ్ళీ తిరిగొస్తాడు. మళ్ళీ కనబడదు. మూడోసారి అడిగేది కాలు గురించి కాదు, కళ్ళ గురించి. ఎప్పట్నుంచి అంటారు. మరి ఏడాదిగా మా విమానాల కాళ్ళు ఎవరు చూస్తున్నారంటారు. స్పానర్ల పెట్టె తాళం అడుగుతారు. ముప్పై ఒక్క ఏళ్ళు. ఆ షెడ్డు వాసన లేని పొద్దు ఎలా ఉంటుందో ఆయనకు ఊహకు కూడా అందలేదు.

ఇంకో మాట కూడా ఉంది. అదే ఆయన్ని ముంచింది. ఆ విమానం ఎడం కాలు దగ్గరుండే చిన్న స్విచ్చి వాన పడ్డప్పుడల్లా చెమ్మ పట్టి మొరాయిస్తుంది. ఇప్పటికి మూడుసార్లు తానే విప్పి తుడిచాడు. మూడుసార్లూ కాలు బానే ఉంది, బల్బే అబద్ధమాడింది. రాత్రంతా వాన. పొద్దున తన వేళ్ళు కొక్కెం తడిమి చూశాయి. స్విచ్చే. స్విచ్చి కాక ఇంకేముంటుంది?

"సాగింది," అన్నాడు.

"నిజంగానా?"

"సాగిందంటున్నాగా. స్విచ్చే అది. చెమ్మ."

అవతల నవ్వు వినబడింది. "హమ్మయ్య. మా పిచ్చుక ఇందాకట్నుంచి ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుతోంది. బావ చెప్పాక బల్బెందుకే నీకు? దించు."

మేస్త్రి వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. మీట నొక్కడానికి బొటనవేలు దాని మీదే ఉంది. విమానం దూరంగా తిరిగి, వరస కట్టి, కిందికి దిగుతూ వచ్చేంతవరకూ నాలుగు నిమిషాలుంటాయి. ఆ నాలుగు నిమిషాలూ బొటనవేలు దాని మీదే ఉంది. నొక్కలేదు.

కుడి చక్రం తాకిన చప్పుడు మెత్తగా వచ్చింది. తర్వాత ఎడమది. పిల్ల బాగా దించింది. ఆ తర్వాత ఎండుకర్ర విరిచినట్టు ఒక చప్పుడు. అక్కడున్న అందరికంటే ముందు దాన్ని విన్నది ఆయనే. అదేమిటో తెలిసింది కూడా ఆయనకే. మిగిలినవాళ్ళు రెక్క సిమెంటును గీరుకుంటూ నిప్పురవ్వలు లేచినప్పుడు అరిచారు. విమానం ఎడం పక్కకు ఒరిగి, రన్‌వే దాటి, వాననీళ్ళు పోయే సిమెంటు కాలవ గట్టుకు అడ్డంగా కొట్టుకుని ఆగింది.

ఆయన పరిగెత్తాడు. కాలవ ఆయనకు కనబడలేదు. అందులో పడి, లేచి, పరిగెత్తాడు.

పిచ్చుక బయటికొచ్చి గడ్డిలో కూర్చుని ఉంది. నుదుటి మీద గీత తప్ప ఏం లేదు. పళ్ళు టకటకమంటున్నాయి. "సార్ పెట్రోలు మీట మూయడానికి వంగారండీ," అంటోంది, ఎవరూ అడక్కుండానే. "మీట నా మోకాలు పక్కనుంటుంది కదండీ, అందుకని వంగారండీ." అదే మాట మళ్ళీ మళ్ళీ.

వంగి ఉన్నప్పుడు తగిలింది దెబ్బ. బావమరిది తెలివిలోనే ఉన్నాడు. మేస్త్రి తల లోపలికి పెడితే చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నా కాళ్ళ మీద ఏమైనా పడిందా? చూడు."

మేస్త్రి కాళ్ళు తడిమాడు. వాటి మీద ఏమీ లేదు.

"ఇప్పుడు నన్ను ముట్టుకుంటున్నావా?" అని అడిగాడు బావమరిది.

*

వెన్నెముక నడుం దగ్గర విరిగింది. నడుం కింద ఇక ఏమీ తెలియదన్నారు. మూడు నెలలు ఆస్పత్రి.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. కొక్కెం విప్పి భూతద్దం కింద పెట్టి చూశాడు. లోపలి వైపు, చెయ్యి దూరని చోట, వెంట్రుక మందాన పగులు. "విప్పితే తప్ప ఎవరికీ దొరకదు. నీ పనిలో లోపం లేదు," అన్నాడు మేస్త్రితో. ఆ ముక్కను మేస్త్రి చేతిలోకి తీసుకుని వేలు రాశాడు. నిజమే. వేలికి కూడా అందలేదు.

"మరి కింద నుంచి చూసి సాగిందని ఎలా చెప్పావు?"

గదిలో పంకా తిరుగుతోంది. మేస్త్రి గోడవైపు చూశాడు. "ఎండ... కళ్ళలో పడింది," అన్నాడు. తన నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు. అధికారి రాసుకున్నాడు. ఆ పొద్దున ఎండ ఎలా ఉందో టవరాయన కూడా చెప్పాడు. మళ్ళీ తిరిగి రమ్మనాల్సిందని ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి వదిలేశారు. దారిలో కనబడ్డవాళ్ళంతా, "ఆ ఎండకి ఎవరైనా అంతే మేస్త్రీ, మనసులో పెట్టుకోకు," అన్నారు. ఒక్కడైనా కొడితే బాగుండుననిపించింది.

ఏ షెడ్డు కోసం సాగిందన్నాడో ఆ షెడ్డులో ఆ తర్వాత ఆయన మూడు రోజులు కూడా నిలవలేకపోయాడు. స్పానర్ల పెట్టె తాళం బల్ల మీద పెట్టి, "ఇక చాతకాదు," అని వచ్చేశాడు. దుఃఖం అనుకున్నారు. చీటీ మాత్రం తెచ్చుకున్నాడు. అది ఇప్పుడు చొక్కా జేబులో ఉంటోంది.

ఆస్పత్రిలో ఒకసారి ఇద్దరే ఉన్నప్పుడు బావమరిది అడిగాడు.

"ఒక్క మాట బావా. ఎండ సంగతి తెలుసులే. అయినా నీకు కడ్డీ సాగినట్టే అనిపించిందా?"

"అనిపించింది."

"అయితే సరే." చూపు పైకప్పు మీదికి తిప్పాడు. "నువ్వు అలా అంటే నాకు నిద్ర పడుతుంది. నా ఖర్మ అనుకుంటా. ఇంకోలా అయితే తట్టుకోవడం కష్టం బావా."

మేస్త్రి నారింజ పండు ఒలిచి అతని చేతిలో పెట్టాడు. తొనల మీద ఈనెలు కూడా తీసేశాడు. వేళ్ళు ఆ పని చక్కగా చేశాయి.

*

బావమరిదిని ఇంటికి తెచ్చిన తర్వాత వచ్చిన మొదటి ఆదివారం భోజనానికి రమ్మన్నారు. పగటిపూట బస్సులో వెళ్తున్నారు మేస్త్రీ, ఆయన భార్యా. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని సంచీ ఒళ్ళో పెట్టుకుంది. సగం దూరం వెళ్ళాక, బయటికే చూస్తూ అడిగింది.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"ఏం చెప్పాలి?"

"మీ కళ్ళ సంగతి." ఏడాదిగా పొద్దున టీ గ్లాసు బల్ల మీద పెట్టకుండా చేతికి ఎందుకిస్తోందో, కంచంలో ఏది ఎటు ఉందో మాటల్లో మాటగా ఎందుకు చెబుతోందో మేస్త్రికి అప్పుడర్థమైంది. ప్రేమ అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ప్రేమే. దానికి తోడు అన్నీ తెలిసి నోరు మూసుకోవడం కూడా.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"సూదిలో దారం ఎక్కించమంటే పని ఉందని లేచిపోయారు చూడండి, అప్పట్నుంచి. వాడికి చెప్దామనుకున్నా. మీ పనిపోతే మీరు బతకరనిపించింది. వాడు నా తమ్ముడండీ. నేనే ఎత్తుకు పెంచాను."

"నేను చెప్తా," అన్నాడు మేస్త్రి. "అన్నానికి కూర్చునే ముందే చెప్తా."

బావమరిది ఇంటి మెట్ల మీద కొత్తగా చెక్క పరిచారు, చక్రాల కుర్చీ కోసం. గుమ్మం దగ్గర బూట్ల వరసలో అతని నల్లబూట్లు ఎవరో తుడిచి పెట్టారు. అతని భార్య ఎదురొచ్చి సంచీ అందుకుంది.

"రండి అన్నయ్యా. రా వదినా. ఆకలేస్తోందని పొద్దుట్నుంచి మూడుసార్లు అడిగారు. బావ వస్తే గానీ తినరట."

"రా బావా," అన్నాడు కుర్చీలోంచి. "నీ బండ్ల కంటే నా బండి మంచిది. గ్రీజు అక్కర్లేదు, బల్బులు అసలే లేవు." ఎవరూ నవ్వకపోతే తానే కొంచెం నవ్వాడు.

మేస్త్రి జేబులో చీటీ మీద చెయ్యి వేశాడు. "బామ్మర్దీ," అన్నాడు.

"చెప్పు."

"...ఎలా ఉంది?"

"ఇదిగో, ఇలా."

చీటీ జేబులోనే నలిగింది. అంతలో బల్ల దగ్గరికి పిలిచారు.

నలుగురికీ నాలుగు కంచాలు. మేస్త్రికి ఎదురుగా బావమరిది కుర్చీని తోసి నిలబెట్టారు. అన్నంలోంచి ఆవిర్లు వస్తున్నాయి. అతని భార్య కూర వడ్డించి, నీళ్ళ గ్లాసులు పెట్టి కూర్చుంది. మేస్త్రి భార్య ఉప్పు తేవడానికి వంటగదిలోకి వెళ్ళింది.

మొదటి ముద్ద తిన్నాడు. నీళ్ళకోసం చెయ్యి చాపాడు. ఇంట్లో గ్లాసు ఎప్పుడూ ఉండే చోట బల్ల ఖాళీగా ఉంది. సూటిగా చూశాడు. మచ్చ. చెయ్యి గుడ్డ మీద అటూ ఇటూ పాకింది, కూర గిన్నె తగిలింది, వెనక్కి వచ్చింది. ఎదుటి కంచంలో వేళ్ళ చప్పుడు ఆగిపోయింది.

ఉప్పుతో వచ్చిన భార్య, రోజూ చేసే పని కాబట్టి ఆలోచించకుండానే, గ్లాసు తీసి ఆయన చేతిలో పెట్టి వేళ్ళు దాని చుట్టూ మూసింది. "కూర కుడిపక్కనుంది," అంది. అన్నాక ఆవిడ చెయ్యి ఆయన చేతి మీదే బిగుసుకుపోయింది.

బల్లకు అవతల ఏదో కదిలింది. బావమరిది కుడిచెయ్యి ఎత్తి ముందుకు చాపాడు. భుజం కనబడింది మేస్త్రికి. భుజానికి ముందు ఏముందో మచ్చ మింగేసింది. వంగి ఉందో, సాగి ఉందో. పాఠం చెప్పేటప్పుడు ఎత్తే చెయ్యి అదేనని తెలిసింది. ఏం అడుగుతున్నాడో తెలిసింది. మెడ కొద్దిగా పక్కకు తిప్పి కంటికొసతో పట్టబోయాడు. ఆ తిప్పడం చూస్తున్నారని తెలిసి, మధ్యలోనే ఆపేసి, తల దించుకున్నాడు.

చెయ్యి చాలాసేపు గాల్లోనే ఉంది. తర్వాత మెల్లగా బల్ల మీదికి దిగిన చప్పుడు వినబడింది.

బావమరిది కంచం దగ్గరికి లాక్కుని అన్నం కలపడం మొదలుపెట్టాడు. అతని భార్య ఏమీ అర్థం కాక ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసి, తానూ తల వంచుకుంది. మేస్త్రి భార్య ఉప్పు గిన్నె మధ్యలో పెట్టి కూర్చుంది. దాన్ని ఎవరూ అడగలేదు, ఎవరూ ముట్టుకోలేదు. చప్పగా ఉన్న ఆ అన్నాన్ని నలుగురూ చివరి మెతుకు దాకా తిన్నారు.